టీనేజ్ హారర్ సినిమాల్లో ఎవరు చస్తారు, ఎవరు మిగులుతారు, ఎందుకు

అమెరికన్ టీనేజ్ హారర్ సినిమాల్లో శృంగారంలో పాల్గొన్న అమ్మాయి చచ్చిపోతుందనీ, కన్యగా ఉన్న అమ్మాయి బతికి బయటపడుతుందనీ అందరూ అంటారు, అది ఎంతవరకు నిజమని మీరు అడిగారు. కత్తి, రక్తం, ముసుగు వంటివి కనిపించిన ప్రతిచోటా లైంగిక ప్రతీకలుగానే తీసుకోవాలా, మొత్తం మీద ఇవి స్త్రీలకు వ్యతిరేకమైన సినిమాలా అని కూడా అడిగారు. సినిమా విద్యార్థులకు చాలాకాలంగా ఈ సినిమాలనే పాఠంగా చెబుతున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సినిమాల్లో పిల్లల ప్రాణం తీసేది కోరిక కాదు. పెద్దవాళ్లు దాచిపెట్టిన విషయమో, చెప్పకుండా వదిలేసిన విషయమో, పిల్లలు చెప్పినా వినిపించుకోని విషయమో వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. జెండర్ గురించైనా, లైంగికత గురించైనా, ప్రతీకల గురించైనా మాట్లాడేటప్పుడు ఈ సంగతి పట్టుకోకపోతే మిగిలినదంతా పైపై చదువే అవుతుంది.

ముందు కన్యే బతుకుతుందనే ఆ సూత్రం సంగతి చూద్దాం. 1974లో కెనడాలో బాబ్ క్లార్క్ తీసిన 'బ్లాక్ క్రిస్మస్' స్లాషర్ తరహాకు, అంటే ఒక హంతకుడు కుర్రకారును ఒకరి తర్వాత ఒకరిగా చంపుకుంటూ పోయే సినిమాలకు, తొలి నమూనాల్లో ఒకటి. అందులో చివరిదాకా మిగిలే జెస్ కన్య కాదు. ఆమె గర్భవతి, అబార్షన్ చేయించుకోవాలని నిశ్చయించుకున్న కాలేజీ విద్యార్థిని, ఆ నిర్ణయాన్ని ఒప్పుకోని ప్రియుడితో గొడవ పడుతూ ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కును గుర్తించి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఆ సినిమా జెస్ నిర్ణయాన్ని ఎక్కడా తప్పుగా చూపించదు. తప్పు పోలీస్ స్టేషన్లో జరుగుతుంది. ఒక అమ్మాయి కనిపించడం లేదని స్నేహితురాళ్లు వెళ్లి చెబితే, ఎవడో ప్రియుడితో వెళ్లి ఉంటుందిలే అని సార్జెంట్ కొట్టిపారేస్తాడు. అమ్మాయిల శీలం గురించి ఆ మనిషికి ఉన్న అభిప్రాయమే హంతకుడికి కావలసినంత సమయం ఇస్తుంది. సూత్రం అని తర్వాతివాళ్లు పేరు పెట్టిన దాన్ని ఆ సూత్రం పుట్టకముందే ఒక సినిమా తలకిందులు చేసిందన్నమాట.

సూత్రానికి పుట్టిల్లు అని చెప్పే 'హాలోవీన్' కూడా అంత తేలికగా ఆ లెక్కకు లొంగదు. 1978లో జాన్ కార్పెంటర్ సుమారు మూడు లక్షల డాలర్లతో తీసిన ఈ సినిమాలో లారీ స్ట్రోడ్ చదువుకునే పిల్ల, బిడియస్తురాలు, నిజమే. కానీ ఆమెకు ఒక అబ్బాయి మీద మనసుంది, స్నేహితురాలితో కారులో కూర్చుని గంజాయి పీలుస్తుంది. ఆమె స్నేహితురాలు ఆనీ చనిపోయేది ప్రియుడిని తీసుకురావడానికి కారెక్కినప్పుడు, అంటే ఏమీ జరగకముందే. లారీకీ మిగిలినవాళ్లకీ ఉన్న అసలు తేడా చూపులో ఉంది. క్లాసు కిటికీలోంచి, వీధి మలుపులో, బట్టలు ఆరేసిన తీగల మధ్య ఆమె హంతకుణ్ణి చూస్తుంది. మిగిలినవాళ్లు చూడరు, లేదా ఆమె మాట నవ్వి వదిలేస్తారు. కార్పెంటర్ స్వయంగా ఈ శీల సూత్రాన్ని ఒప్పుకోలేదు. లారీ బతకడానికి కన్యత్వం కారణం కాదనీ, ఆమెలో అణచిపెట్టుకున్న శక్తి అంతా హంతకుణ్ణి పొడిచిన కత్తిపోట్లలో బయటికి వచ్చిందనీ ఆయన వివరణ.

1980 నాటి 'ఫ్రైడే ది థర్టీన్త్' గురించి ఒక్క మాట చాలు. శృంగారానికి శిక్ష మరణమే అనే మాట ఆ సినిమాలో నిజంగానే ఉంది, కానీ దాన్ని నమ్మేది హంతకురాలు. క్యాంపులో పనిచేసే యువతీయువకులు ప్రేమకలాపంలో పడి పట్టించుకోకపోవడం వల్లే కొడుకు నీళ్లలో మునిగిపోయాడని నమ్మే తల్లి ఆమె. శిక్షించే పాత్ర ఏమనుకుంటోందో, సినిమా ఏమంటోందో విడివిడిగా చూడాలని నేను విద్యార్థులకు పదేపదే చెప్పేది ఇందుకే. 1996లో వచ్చిన 'స్క్రీమ్'లో ఒక కుర్రాడు పార్టీలో అందరి ముందు సూత్రాలు ఏకరువు పెడుతుంటే, అదే ఇంటి పై అంతస్తులో కథానాయిక సిడ్నీ ఆ కన్యత్వ సూత్రాన్ని దాటేస్తుంది. అయినా చివరికి బతికేది ఆమే. ఆ కథలో హత్యలన్నిటికీ మూలం సిడ్నీ తల్లి వివాహేతర సంబంధం. చనిపోయిన ఆ స్త్రీ మీద ఊరంతా వేసిన ముద్రే కూతురి మెడకు చుట్టుకుంటుంది.

ఇక పండితుల మాట. ఈ విషయం మీద తప్పకుండా చదవవలసిన మనిషి కారల్ క్లోవర్. ఆమె అసలు రంగం మధ్యయుగపు స్కాండినేవియన్ సాహిత్యం. పాత వీరగాథల్లో ఒకే కథ ఎన్ని రూపాల్లో తిరిగిందో చూసిన మనిషి కాబట్టే, అందరూ చవకబారు అని తోసేసిన స్లాషర్ సినిమాలను అంత ఓపికగా చదవగలిగిందని నా నమ్మకం. 1987లో రాసిన వ్యాసంలో, తర్వాత 1992లో వచ్చిన పుస్తకంలో, చివరికి మిగిలే ఆ అమ్మాయికి ఆమె 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. ఆ పేరు లోకమంతా పాకింది, ఆమె వాదన మాత్రం పేరంత దూరం పోలేదు. ఈ సినిమాలకు ఎక్కువగా వచ్చేది కుర్రాళ్లు కదా, మరి వాళ్లు సినిమా సగం నుంచి ఒక అమ్మాయి భయాన్ని తమ భయంగా, ఆమె గెలుపును తమ గెలుపుగా ఎలా అనుభవిస్తున్నారు అన్నది ఆమె ప్రశ్న. హాల్లో కూర్చున్న మగపిల్లాడు తెర మీది ఆడపిల్ల శరీరంలోకి వెళ్లి తన భయాన్ని తాను అనుభవిస్తున్నాడని ఆమె జవాబు. ఆ అమ్మాయి పూర్తిగా 'ఆడపిల్లలా' ఉండదు, హంతకుడు పూర్తిగా 'మగవాడిలా' ఉండడు. ఇద్దరూ నడుమ ఎక్కడో కలుసుకుంటారు.

ఇందుకు కెమెరాయే సాక్షి. 'హాలోవీన్' మొదటి దృశ్యంలో మనం హంతకుడి కళ్లతోనే చూస్తాం. ఇంటి చుట్టూ తిరుగుతాం, వంటింటి సొరుగులోంచి కత్తి తీస్తాం, ముసుగు తొడుక్కోగానే తెర రెండు కంటి రంధ్రాలుగా కుదించుకుపోతుంది. ఆ ముసుగు తీసేసరికి ఆ కళ్లు ఆరేళ్ల పిల్లాడివని తెలుస్తుంది. చివరి భాగానికి వచ్చేసరికి కెమెరా పక్షం మారిపోయి, అల్మరాలో నక్కిన లారీతోపాటు మనమూ లోపల ఉంటాం. చెక్క తలుపు పగులుతుంటే ఆమె తీగతో చేసిన బట్టల హ్యాంగర్‌ను సాగదీసి వాడి కంట్లో పొడుస్తుంది, వాడు జారవిడిచిన కత్తినే అందుకుంటుంది. అంతకు ముందు ఆమె వాడిన ఆయుధం అల్లిక సూది. అల్లిక సూది, హ్యాంగర్, చివరికి కత్తి అనే ఈ వరుసను గమనిస్తే, ఇంటి పనికి చెందిన వస్తువులు ఆమె చేతిలో ఆయుధాలవుతున్నాయనీ, ఆఖరున ఆమె వాడి ఆయుధాన్నే సొంతం చేసుకుంటోందనీ తెలుస్తుంది. కత్తి అంటే పురుషాంగం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ కదలికను పోగొట్టుకుంటారు. ప్రతీకకు నిఘంటువులో అర్థం దొరకదు, అది కథలో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతోందో చూడాలి.

అదే సినిమాలో ఇంకో చిన్న దృశ్యం ఉంది, మొత్తం సినిమాలో నన్ను అన్నిటికంటే కలవరపరిచేది అదే. లారీ అరుచుకుంటూ పక్కింటికి పరిగెత్తి తలుపు బాదుతుంది. వరండా లైటు వెలుగుతుంది, కిటికీలోంచి ఎవరో చూస్తారు, లైటు ఆరిపోతుంది. ఆ ఇంట్లో ఎవరున్నారో మనకు చెప్పరు. హార్డ్‌వేర్ దుకాణంలో ముసుగు, తాడు, కత్తులు పోతే పిల్లల పనై ఉంటుందిలే అన్న షెరిఫ్‌నూ, ఆ లైటు ఆర్పిన చేతినీ ఒకే గాటన కట్టవచ్చు.

ప్రతీకల గురించి నిండుగా మాట్లాడాలంటే 1976 నాటి 'క్యారీ' దగ్గరికి వెళ్లాలి. రెండేళ్ల ముందు వచ్చిన స్టీఫెన్ కింగ్ తొలి నవలను బ్రయన్ డి పాల్మా సినిమాగా తీశాడు. క్యారీగా వేసిన సిసీ స్పేసెక్, తల్లిగా వేసిన పైపర్ లారీ ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. హారర్ సినిమాకు అది అరుదైన గౌరవం. స్కూల్లో ఆటల పీరియడ్ అయిపోయాక, అమ్మాయిల స్నానాల గదిలో క్యారీకి మొదటిసారి నెలసరి వస్తుంది. అదేమిటో తల్లి ఎన్నడూ చెప్పలేదు కాబట్టి తాను చచ్చిపోతున్నానని వణికిపోయి తోటి అమ్మాయిలను పట్టుకుని సాయం అడుగుతుంది. వాళ్లు నవ్వుతూ ఆమె మీదికి ప్యాడ్లు విసురుతారు. పైన బల్బు పేలిపోతుంది, ఆమెలోని అతీంద్రియ శక్తికి అది మొదటి గుర్తు. ఆ గొడవ ముందువరకు కెమెరా మెత్తని సంగీతంతో, మంచు తెరలాంటి ఆవిరి గుండా, మగవాడి దొంగచూపులా కదిలిందని విమర్శకులు తప్పు పట్టారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే ఆ చూపు రక్తం కనబడగానే తెగిపోతుంది. అందాన్ని చూడవచ్చిన కన్ను ఒక్కసారిగా ఒక పిల్ల భయాన్ని చూడవలసి వస్తుంది. డి పాల్మా కావాలనే ఆ ఉచ్చు పన్నాడని నా అభిప్రాయం.

తర్వాతి దృశ్యాలు ఇంకా సూక్ష్మంగా ఉంటాయి. ప్రిన్సిపాల్ గదిలో ఆయన క్యారీ పేరు పదేపదే తప్పుగా పలుకుతాడు, టీచర్ బట్టల మీది రక్తపు మరక వైపు చూడలేక, ఆ మాట నోటితో అనలేక ఇబ్బంది పడతాడు. ఇంటికి వెళితే తల్లి మార్గరెట్, ఆడదాని మొదటి పాపం గురించి గ్రంథం తెరిచి చదివించి, ప్రార్థన చేసుకోమని చీకటి అరలోకి నెట్టి తలుపు వేస్తుంది. ఆ అరలో ఒళ్లంతా బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్ బొమ్మ ఉంటుంది. సినిమా చివర క్యారీ శక్తితో గాలిలో ఎగిరివచ్చిన వంటింటి కత్తులు తల్లిని తలుపు చట్రానికి దిగగొట్టినప్పుడు, ఆ శవం సరిగ్గా ఆ బొమ్మలాగే నిలబడుతుంది. కూతురిని భయపెట్టడానికి పెట్టుకున్న బొమ్మే తల్లి రూపమైంది. మరో చోట, ప్రామ్ రాత్రి కోసం, అంటే స్కూలు వాళ్లు జరిపే డాన్సు పార్టీ కోసం, క్యారీ సొంతంగా కుట్టుకున్న గౌను చూసి, ఎర్రదే అవుతుందని నాకు ముందే తెలుసు అంటుంది తల్లి. అది గులాబీ రంగమ్మా, అంటుంది క్యారీ. కూతురు వేసుకున్న రంగు తల్లి కంటికి ఆనదు. తర్వాత కొందరు పిల్లలు పంది రక్తం కుమ్మరించి ఆ గులాబీ గౌనును నిజంగానే ఎర్రగా చేస్తారు. మొదటి దృశ్యంలోని నెలసరి రక్తమూ ప్రామ్ దృశ్యంలోని పంది రక్తమూ ఒకే వాక్యానికి రెండు కొసలు. సహజమైన రక్తాన్ని అసహ్యంగా చూసిన ఊరు, అదే అసహ్యాన్ని బకెట్‌తో ఆమె నెత్తిన పోసింది.

సినిమా పండితురాలు బార్బరా క్రీడ్ 1993లో రాసిన పుస్తకంలో, హారర్‌లో స్త్రీ ఎప్పుడూ బాధితురాలే అన్న అభిప్రాయాన్ని కాదని, ప్రసవించే శరీరం, రక్తం స్రవించే శరీరం తానే భయకారకంగా ఎలా చూపబడుతుందో వివరించడానికి 'క్యారీ'ని ఉదాహరణగా తీసుకుంది. ఆమె వాదనతో నాకు చాలావరకు పేచీ లేదు. కాకపోతే ఆ శరీరం భయంకరమని ఎవరు అంటున్నారు అన్న ప్రశ్నను ఇంకాస్త గట్టిగా అడిగి ఉంటే బాగుండేది. ఆ సినిమాలో ఆ మాట అనేది మార్గరెట్, అనకుండా తల తిప్పుకునేది ప్రిన్సిపాల్.

మన ఆడపిల్లలకు ఈ సినిమా అమెరికా కుర్రాళ్లకంటే త్వరగా అర్థమవుతుందని పాఠం చెబుతూ గమనించాను. మన ఇళ్లలో పిల్ల పెద్దమనిషి అయితే దాచరు, చాలాచోట్ల చాపమీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, బంధువులను పిలిచి ఫంక్షన్ చేస్తారు. అయినా ఆ పిల్లకు ఏం జరుగుతోందో ముందుగా చెప్పినవాళ్లు ఎందరని అడిగితే తరగతిలో లేచే చేతులు తక్కువ. ఊరంతటికీ చెప్పి, చెప్పవలసిన మనిషికి చెప్పకపోవడం మార్గరెట్ మౌనానికి దూరపు చుట్టమే.

ఇదే నెలసరిని 2000లో వచ్చిన కెనడా సినిమా 'జింజర్ స్నాప్స్' తోడేలు కథతో ముడివేసింది. అంతకు ముందు తోడేలుగా మారడం ఎక్కువగా మగపిల్లవాడి యౌవనానికి గుర్తు. ఇక్కడ జింజర్‌కు మొదటి నెలసరి వచ్చిన రాత్రే మృగం కరుస్తుంది. ఒంట్లో మార్పుల గురించి అక్కచెల్లెళ్లు స్కూల్ నర్సును అడిగితే ఆమె నవ్వు చెరగకుండా అన్నిటికీ అది మామూలే అంటుంది. తోక మొలవబోతున్న పిల్లకు కూడా అదే జవాబు. 'క్యారీ'లో చెప్పకపోవడం ఎంత హాని చేసిందో, ఇక్కడ వినకుండా చెప్పడం అంత హాని చేస్తుంది.

మగపిల్లల విషయానికి వద్దాం, ఎందుకంటే జెండర్ అనగానే చాలామంది అమ్మాయిల గురించే రాసి ఆపేస్తారు. 1984లో వెస్ క్రేవెన్ తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'లో ఆ వీధి తల్లిదండ్రులు పిల్లలను చంపిన ఫ్రెడ్డీ అనే మనిషిని తామే తగలబెట్టి, ఆ సంగతిని పిల్లలకు చెప్పకుండా దాస్తారు. చచ్చిన వాడు ఆ పిల్లల కలల్లోకి వచ్చి చంపుతుంటాడు. కథానాయిక నాన్సీ తల్లి వాడి కత్తుల చేతితొడుగును నేలమాళిగలో గుడ్డలో చుట్టి దాచుకుని, తాగుతూ బతుకుతుంది. కూతురిని కాపాడతానని కిటికీలకు ఊచలు వేయిస్తుంది. ఆ ఊచలు హంతకుణ్ణి ఆపవు, నాన్సీని లోపల బంధిస్తాయి. మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగం 'ఫ్రెడ్డీస్ రివెంజ్'లో అదే ఇంట్లోకి జెస్సీ అనే కుర్రాడు వస్తాడు. ఫ్రెడ్డీ వాణ్ణి చంపాలనుకోడు, వాడి శరీరంలోంచి బయటికి రావాలనుకుంటాడు. నా లోపలికి ఏదో రావాలని చూస్తోందని జెస్సీ స్నేహితుడి గదికి పరిగెత్తి వేడుకుంటాడు. ఇంట్లో పెంపుడు పిట్ట మండి పేలిపోతే, టపాసు పెట్టావా అని తండ్రి కొడుకునే నిలదీస్తాడు. అరిచేది అబ్బాయి, ముద్దుపెట్టి కాపాడేది అమ్మాయి, కాబట్టి స్లాషర్ అలవాట్లన్నీ ఇందులో తిరగబడ్డాయి.

ఆ సినిమా 1985 నవంబర్ 1న విడుదలైంది. నటుడు రాక్ హడ్సన్ ఎయిడ్స్‌తో చనిపోయి అప్పటికి నెల రోజులు. స్వలింగ ప్రేమ గురించి అమెరికాలో భయం, ద్వేషం పెచ్చుమీరిన సమయమది. రచయిత డేవిడ్ చాస్కిన్ తన స్క్రిప్టులో స్వలింగ ప్రేమ ధ్వని కావాలని పెట్టలేదని చాలా ఏళ్లు చెబుతూ, అలా కనిపించడానికి కారణం హీరో మార్క్ ప్యాటన్ నటనే అన్నట్టు మాట్లాడాడు. కావాలనే పెట్టానని ఆ తర్వాతెప్పుడో ఒప్పుకున్నాడు. సినిమా వచ్చేనాటికి తన లైంగికతను బయటపెట్టుకోలేని స్థితిలో ఉన్న ప్యాటన్ నటన వదిలేసి వెళ్లిపోయాడు. ఆయన తన కథను 2019 నాటి డాక్యుమెంటరీలో చెప్పుకున్నాడు. తెర మీద జెస్సీ మాట నమ్మనివాళ్లు ఉన్నట్టే, తెర వెనక ప్యాటన్‌కు అండగా నిలవనివాళ్లు ఉన్నారు. ఈ తరహా సినిమాలను ప్రేమించేవాళ్లు ఈ అన్యాయాన్ని తెలుసుకుని తీరాలి.

అంతకంటే పెద్ద అన్యాయం 1983 నాటి 'స్లీప్అవే క్యాంప్' ముగింపులో ఉంది. అందులో హంతకురాలి శరీరం మనం అనుకున్న శరీరం కాదని చూపించడమే ఆఖరి భయం. ఆ పిల్లను బలవంతంగా మరో జెండర్‌లో పెంచింది ఒక పెద్ద మనిషే అని కథ చెబుతుంది, కానీ ప్రేక్షకుడు జడుసుకునేది పెద్దల చేష్టకు కాదు, పిల్ల శరీరానికి. 1960లో తల్లి వేషం వేసుకునే హంతకుడితో 'సైకో' మొదలుపెట్టిన ఈ అలవాటు ట్రాన్స్ మనుషులకు చేసిన కీడు తక్కువది కాదు. దీన్ని నేను సమర్థించలేను.

ఇక స్త్రీలకు వ్యతిరేకమా అన్న ప్రశ్న. మగవాళ్ల చావులు తెర మీద త్వరగా, తరచు దూరం నుంచి అయిపోతాయనీ, ఆడవాళ్ల చావులను దగ్గరగా, సాగదీసి చూపిస్తారనీ క్లోవర్ గమనించింది. మీరే గడియారం పెట్టుకుని చూసినా అది కనిపిస్తుంది. ఆ నింద ఈ తరహా మోయవలసిందే. అదే సమయంలో, ఆడవాళ్లు రాసి తీసినప్పుడు ఇదే పనిముట్లతో ఏం చేయవచ్చో 2009 నాటి 'జెనిఫర్స్ బాడీ'లో చూడండి. డయాబ్లో కోడీ రాయగా కారిన్ కుసామా దర్శకత్వం వహించింది. పేరు కోసం పాకులాడే ఒక రాక్ బ్యాండ్ కుర్రాళ్లు, కన్యను బలిస్తే పేరు వస్తుందని జెనిఫర్‌ను వ్యానులో ఎక్కించుకుని పోతారు. ఆమె కన్య కాకపోవడం వల్ల బలి వికటించి ఆమె దయ్యమై లేస్తుంది. కన్యత్వ సూత్రాన్ని నమ్మి కత్తి పట్టినవాళ్లు మగవాళ్లు, దాని ఫలితం అనుభవించింది ఆమె. నిర్మాణ సంస్థ ఈ సినిమాను హీరోయిన్ అందం చూడవచ్చే కుర్రాళ్ల కోసమన్నట్టు ప్రచారం చేసింది, వచ్చినవాళ్లకు నచ్చలేదు, రావలసినవాళ్లు రాలేదు. 2017లో మీటూ ఉద్యమం వచ్చాక ఆ వ్యాను దృశ్యాన్ని కొత్త కళ్లతో చూసిన అమ్మాయిలు సినిమాను మళ్లీ నిలబెట్టారు.

చివరిగా 2014 నాటి 'ఇట్ ఫాలోస్'. డెట్రాయిట్ పరిసరాల్లో జరిగే ఈ కథలో ఒక శాపం లైంగిక సంబంధం ద్వారా ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటుంది. అంటుకున్న మనిషిని చంపడానికి ఏదో ఒక రూపం వెంట ఆగకుండా నడిచి వస్తూ ఉంటుంది. ఇది సుఖవ్యాధికి ప్రతీక అని చాలామంది తేల్చేశారు, కానీ ఆ లెక్క కుదరదు, ఎందుకంటే ఇంకొకరికి అంటిస్తే మనకు వ్యవధి దొరుకుతుంది. అదే చర్య శాపమూ, అదే చర్య ఊరటా. ఇందులో తల్లిదండ్రులు దాదాపు కనిపించరు, కనిపించినా ఫ్రేము అంచునో, వెనక్కి తిరిగో ఉంటారు. కానీ వెంటపడే రూపం ఒకచోట గ్రెగ్ అనే కుర్రాడి తల్లిగా, ఈతకొలను దృశ్యంలో కథానాయిక జే తండ్రిగా వస్తుంది. పిల్లలకు ఏమీ చెప్పని పెద్దలు ఇక్కడ ఆ రూపంలోనే తిరిగి వస్తున్నారు.

మీరు దీని మీద వ్యాసం రాయబోతున్నట్టయితే 'బ్లాక్ క్రిస్మస్', 'ఇట్ ఫాలోస్' రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి. ఎవరు చచ్చారు, అప్పటికి వాళ్లు ఏం చేశారు అన్న జాబితాకు బదులు, చనిపోయే ముందు ఏ పిల్ల ఎవరికి ఏం చెప్పింది, విన్న మనిషి ఏమన్నాడు అని దృశ్యం వెంట దృశ్యం రాసుకుంటూ వెళ్లండి. 'హాలోవీన్'కు అదే చేసిన తర్వాత క్లోవర్ వ్యాసం చదివితే, ఆమెతో ఎక్కడ ఏకీభవించాలో ఎక్కడ వాదించాలో మీకే తెలుస్తుంది.